టైరుకీ పుట్టిన తేదీ ఉంటుంది

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో డెట్రాయిట్ పాత కార్ల గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఆ ఊరి పక్కనే, ట్రాయ్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాను. ఫొటోలు బాగున్నాయి, ఇంజిన్ల సంగతి కూడా ఓపిగ్గా రాశారు. చివర్లో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒక పెద్దాయన కారు గురించి చెబుతూ, ఇరవై ఏళ్ల నాటి టైర్లు ఇంకా కొత్తవాటిలా మెరుస్తున్నాయంటే ఆయన బండిని ఎంత ప్రాణంగా చూసుకుంటున్నారో అని మెచ్చుకున్నారు. సరిగ్గా ఆ మెచ్చుకోలే నాకూ ఒకప్పుడు దక్కింది. మూడు నెలలు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. తర్వాత వెనక చక్రం మీది రేకు కొత్తది వేయించుకున్నాను.

నాది 1970 షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ 396. మజిల్ కారంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మధ్యరకం బండిలో పెద్దబండి ఇంజిన్ దూర్చడం. 1964లో పాంటియాక్ జీటీవోతో ఈ పిచ్చి మొదలైందని ఇక్కడ చాలామంది లెక్క. నా బండి పేరుకే 396. ఆ ఏడాదికి లోపల నిజానికి 402 క్యూబిక్ అంగుళాలు, అంటే 6.6 లీటర్లు. కంపెనీ రాసుకున్న శక్తి 350 హార్స్ పవర్. బరువు 1,700 కిలోలకి అటూ ఇటూ. ఉద్యోగం ఆటోమొబైల్ రంగంలోనే కాబట్టి నాకన్నీ తెలుసనుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం మొదటి రోజే, "ఏవండీ, ఇది కారా, గ్యారేజీలో కట్టేసిన ఏనుగా?" అంది.

2015 వసంతంలో కొన్నాను. అమ్మినాయన మంచివాడే, అబద్ధమేమీ చెప్పలేదు. టైర్లు "తక్కువ తిరిగినవి" అన్నాడు, అది నిజం. నేను టైరు చూడటం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో అరిగిన టైర్ల మీద కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశారు. లారీ వచ్చి ఆగితే ఇనుప కడ్డీతో ఒక్కో టైరునీ కొట్టుకుంటూ పోయేవారు. వెనక జంట టైర్లలో లోపలిదానికి గాలి తగ్గితే బయటికి కనపడదు. కడ్డీకి మాత్రం తెలిసిపోతుంది. గట్టి టైరు కడ్డీని వెనక్కి ఎగరేస్తుంది, గాలి తగ్గినది 'దబ్'మని మింగేస్తుంది. ఆ తర్వాత గాడిలో వేలు పెట్టి ఎంత మిగిలిందో చూసేవారు. నేనూ షెవెల్ చుట్టూ తిరిగి అదే చేశాను. ఇక్కడి అలవాటు ప్రకారం ఒక పెన్నీ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి, దాని మీది లింకన్ బొమ్మ నడినెత్తి మునిగిందా లేదా అనీ చూశాను. నడినెత్తేంటి, నుదురు కూడా మునిగింది. ఇంకేం కావాలి?

ఆ జులైలో ఒక ఆదివారం ఐ-75 హైవే మీద ఫ్లింట్ వైపు పోతున్నాను. గంటకి 70 మైళ్లు. మొదట సీటు కింద సన్నగా ఒణుకు. మిషిగన్ రోడ్లు కదా, గతుకులనుకున్నాను. ఇంకో రెండు మైళ్లకి ఆ ఒణుకు లయ పట్టుకుంది. ఎవరో వెనక డిక్కీలో కూర్చుని పిడికిలితో గుద్దుతున్నట్టు. పక్కకి తీద్దామని కాలు తీసేలోపే పెద్ద చప్పుడు. కుడివైపు వెనక టైరు పైపొర, అరటిబోదె మీద పట్ట ఊడివచ్చినట్టు, ఒక్క ముక్కగా లేచింది. లేచిన పట్ట చక్రంతోపాటు తిరుగుతూ రేకుని లోపలినుంచి కొరడాతో కొట్టినట్టు కొట్టింది. రేకు చీలింది, అంచున ఉండే మెరుపు పట్టీ ఎక్కడో హైవే మీదే పోయింది. బండి ఆపి దిగి చూస్తే చిత్రమేమిటంటే, టైర్లో గాలి మాత్రం పోలేదు. పైపొర లేకుండా, దారాలు కనపడుతూ, నిండుగా గాలితో నిలబడి ఉంది. నాన్న కడ్డీతో కొట్టినా అప్పుడు కూడా 'ఠంగ్'మనే ఉండేది.

బండి మోసుకుపోవడానికి వచ్చిన టో ట్రక్కు కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. వెల్లకిలా కారు కిందికి దూరి, టార్చి వేసి, టైరు లోపలి వైపు చూసి నన్ను పిలిచాడు. డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత ఏవేవో అక్షరాలు, అంకెలు. చివర కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి, అందులో 2303. "ఇరవై మూడో వారం, 2003" అన్నాడు. అంటే జూన్ నెల. పన్నెండేళ్ల టైరు. టైరు రెండో పక్కన దాని పేరు రాసిన తెల్ల అక్షరాలు అందంగా ఉంటాయని ఆ వైపు బయటికి పెట్టారు, తేదీ లోపలికి పోయింది. నేను కొన్నరోజున చుట్టూ తిరిగి మెచ్చుకున్నదంతా తెల్ల అక్షరాల వైపే.

చెయ్యాల్సిన పని ఇంతే. ఆ నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2000కి ముందువైతే మూడే అంకెలుంటాయి. మూడంకెలే కనపడితే ఇంక లెక్క వేయక్కర్లేదు, ఆ టైరు పాతికేళ్లు దాటింది. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకి మార్చమంటాయి. మిషెలిన్‌లాంటి టైర్ల కంపెనీ అయితే, చూడటానికి ఎంత బాగున్నా తయారైన పదేళ్లకి తీసేయమంటుంది.

తిరగని టైరు ఎందుకు పాడవుతుందని మా బంధువులందరూ అడిగారు. బీరువాలో పాత దస్తావేజుల చుట్టూ వేసిన రబ్బరు బ్యాండు ఉంటుంది చూడండి. ఎవరూ ముట్టుకోలేదు, ఎండ తగల్లేదు, వాన తడపలేదు. పదేళ్ల తర్వాత లాగితే పుటుక్కున తెగుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని నెమ్మదిగా తినేశాయి. ఇలా జరగకుండా టైరు రబ్బరులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ, వంగుతూ, వేడెక్కుతూ ఉంటే ఆ మైనం కొద్దికొద్దిగా పైకి వచ్చి పూతలా కాపాడుతుంది. నిలబెట్టిన టైరుకి ఆ పూత సరిగా అందదు. కాబట్టి గ్యారేజీలో గుడ్డ కప్పి దాచుకున్న కారు టైరు, రోజూ ఆఫీసుకి పోయే కారు టైరు కంటే ముందే పగుళ్లు పట్టవచ్చు. లోపల ఉక్కు బెల్టులకీ రబ్బరుకీ మధ్య పట్టు సడలడం బయటికి అసలు కనపడదు. నాకు కనపడింది 70 మైళ్ల వేగంలో.

సరే, కొత్తవి కొనాలి. ఇక్కడినుంచి ఇంకో రామాయణం. 1970లో నా బండికి ఫ్యాక్టరీ వేసింది ఎఫ్70-14. అందులో ఎఫ్ అనేది బరువు మోసే తరగతి, 70 అంటే టైరు వెడల్పులో ఎత్తు నూటికి డెబ్బై వంతులు, 14 అంటే రిమ్ము అంగుళాలు. అవి ఇప్పటి కార్లకి వేసే రేడియల్ టైర్లు కావు, దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోయే బయాస్ రకం. ఇప్పుడు అంగట్లో దానికి దగ్గరి జోడీ 225/70ఆర్14. లెక్క నేనే వేశాను. వెడల్పు 225 మిల్లీమీటర్లు, అందులో నూటికి డెబ్బై వంతులు 157.5, పైనా కిందా కలిపి 315, దానికి 14 అంగుళాల రిమ్ము 355.6 కలిపితే 670.6. అంటే 26.4 అంగుళాలు. పాత టైరు ఎత్తుకి ఒక గీత అటూ ఇటూ. ఎత్తు మారితే బండి నిలబడే తీరు మారుతుంది, స్పీడోమీటర్ కూడా అబద్ధం చెబుతుంది.

ఇంత సులువుగా తేలితే బాగుండేది. ప్రతి పాత కారు యజమానికీ ఒక స్నేహితుడుంటాడు, వాడు "ఇంకొంచెం వెడల్పు వెయ్యి" అంటాడు. నా స్నేహితుడు తన 15 అంగుళాల చక్రాలు ఒక రోజుకి అరువిచ్చాడు కూడా. వెనకవి దివ్యంగా ఉన్నాయి. ముందువి నిలబడి ఉన్నంతసేపూ బాగానే ఉన్నాయి. మా ఇంటి వాకిట్లోకి స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి రేకు అంచు టైరుని గీరింది, కొబ్బరి కోరే చప్పుడు. తప్పు టైరుది కూడా కాదు, ఆ రిమ్ము బయటికి ఎక్కువ పొడుచుకొచ్చే రకం. సాయంత్రానికి వాటిని విప్పి తిరిగిచ్చేశాను.

బొత్తిగా పాత రూపం కావాలంటే అదీ దొరుకుతుంది. టెనెసీలోని కోకర్ టైర్ అనే కంపెనీ పాత డిజైన్ల టైర్లు అమ్ముతుంది, బయాస్ రకం కూడా. మ్యూజియంలో పెట్టుకునే బండికి, ట్రైలర్ మీద ప్రదర్శనకి పోయే బండికి అవే అందం. నేను ఒకసారి అలాంటి టైర్లున్న కారు నడిపాను. రోడ్డు మీద లారీలు తొక్కిన పల్లం కనపడితే చాలు, ఎడ్లబండి చక్రం బండిజాడలో పడ్డట్టు అందులోకి పోతుంది, మనం ఇవతలికి లాగుతూ ఉండాలి. ఆ కాలంలో జనం అలాగే నడిపారు, వాళ్లకి దణ్ణం. ఇంకో మాట, రెండు రేడియల్, రెండు బయాస్ కలిపి వేసి పొదుపు చేద్దామని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మలుపులో ముందు చక్రాలు ఒక మాట, వెనకవి ఒక మాట వింటాయి.

నాకు మిగిలినవి రెండు. బీఎఫ్ గుడ్రిచ్ రేడియల్ టీ/ఏ, కూపర్ కోబ్రా రేడియల్ జీ/టీ. రెండింటికీ తెల్ల అక్షరాలున్నాయి, రెండూ నా సైజులో ఉన్నాయి. మొదటిది ఎస్ రేటింగ్, 180 కిలోమీటర్ల వేగం వరకూ. రెండోది టీ, 190 వరకూ. నా నడకకి రెండూ ఎక్కువే. బరువు సూచిక రెండింటికీ 98, అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుంది. కుర్రాళ్లు ఈ తెల్ల అక్షరాల టైర్లని చూసి, ఇవి రాళ్లు అని నవ్వుతారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. ఈ టైర్లు ఎక్కువ కాలం అరగకుండా చేసినవి, గట్టి రబ్బరు. ఈనాటి స్పోర్ట్స్ టైరులా తడి రోడ్డుని పట్టుకోవు. 350 గుర్రాలు వెనక ఉంటే వానలో సిగ్నల్ దగ్గర పెడల్ మీద కాలు పెట్టడానికే టెన్షన్. నిజమైన పట్టు కావాలంటే 17, 18 అంగుళాల రిమ్ములకి పోవాలి, మంచి రబ్బరంతా ఇప్పుడు ఆ సైజుల్లోనే వస్తోంది. బ్రేకులు, సస్పెన్షన్ మార్చుకుని రోజూ గట్టిగా నడిపేవాళ్లకి నేను అదే చెబుతాను. నా బండికి 17 అంగుళాలవి కంప్యూటర్‌లో బొమ్మ వేసి చూపిస్తే మా ఆవిడ, "పట్టుపంచె మీద స్పోర్ట్స్ బూట్లు" అంది. కేసు కొట్టేశాను. వాన పడేట్టుంటే బండి తియ్యను, అంతే.

గుడ్రిచ్ ఖాయం చేసుకుని ఒక షాపుకి ఫోన్ చేసి, ఏ వారం టైర్లు ఇస్తారని అడిగాను. అవతల కుర్రాడు నవ్వాడు, పాల ప్యాకెట్టు కొంటున్నారా అన్నాడు. అవునన్నాను. వచ్చిన నాలుగింట్లో రెండు ఆ ఏడాదివి, రెండు నాలుగేళ్ల కిందటివి. గోడౌనులో కూర్చున్న టైరుకీ వయసు నడుస్తూనే ఉంటుంది, ధర మాత్రం కొత్తదే. 14 అంగుళాల సైజులు ఎక్కువ అమ్ముడుపోవు కాబట్టి ఇది మామూలేనట. ఆ రెండూ వెనక్కి పంపి ఇంకో రెండు వారాలు ఆగాను. చివరికి నాలుగింటి మీదా 1815 అని ఉన్నవి దొరికాయి. బిగించేటప్పుడు పక్కనే నిలబడి, తేదీ వైపు లోపలికి పోయినా సరే, నాలుగంకెలూ ఫొటో తీసి ఫోన్లో దాచుకున్నాను.

కొత్త టైర్లతో తొలిసారి హైవే ఎక్కితే బండి తాగినవాడిలా నడిచింది. తప్పు మళ్లీ నాదే. అలైన్‌మెంట్ చేసినాయన 1970 పుస్తకం తెరిచి అందులో ఉన్నట్టే పెట్టాడు. ఆ కొలతలు బయాస్ టైర్లకి రాసినవి. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, కారులో అలాంటి వాలుని కాస్టర్ అంటారు. అప్పట్లో అది సున్నా దగ్గర్లో ఉంచేవారు. రేడియల్‌కి ఇంకా వాలు కావాలి. ముందు చక్రాలని పట్టుకునే పై కంట్రోల్ ఆర్మ్‌ల వెనక ఉండే పలచటి రేకు ముక్కలు మార్చి మార్చి రెండున్నర డిగ్రీలదాకా తెచ్చాడు. గాలి కూడా అంతే, పాత లెక్క 24 పౌండ్లు. నేను చల్లగా ఉన్నప్పుడు 32 పెడుతున్నాను. ఈ రెండూ సరిచేశాక అదే బండి, అవే టైర్లు, ఒక చేత్తో పోతోంది.

ఆగస్టు మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానం కోసం చందాలు పోగుచెయ్యడానికి మొదలుపెట్టారు. మీ వ్యాసంలో ఫొటోలు అక్కడివే. ఏటా నేను మడత కుర్చీ వేసుకుని కూర్చుని, అందరూ బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తుంటే, కింద వంగి టైర్లు చదువుతాను. లక్ష డాలర్ల పెయింటు కింద మూడంకెల టైర్లు కనపడతాయి. ఒకరిద్దరికి చెప్పాను. ఒకాయన థాంక్స్ చెప్పాడు, ఒకాయన కోప్పడ్డాడు.

2023 చివర్లో నా 1815 టైర్లు కూడా తీసేశాను. ఎనిమిదేళ్లు, పదకొండు వేల మైళ్లు. గాడులు ముప్పావు వంతు ఉన్నాయి. వీడియో కాల్‌లో చూసి నాన్న నిజంగానే బాధపడ్డారు. "ఒరేయ్, ఇంత మాంసం ఉన్న టైరు తీసేస్తావేంట్రా? దీని మీద ఇంకో రెండుసార్లు రబ్బరు వెయ్యొచ్చు" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆయన చూసిన లారీ టైరుకి ముసలితనం రాదు. బందరు రోడ్డు మీద, కలకత్తా హైవే మీద ఏడాది తిరిగేసరికి గుండు అయిపోతుంది. రబ్బరు పండే లోపే అరిగి చస్తుంది. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క టైరు మీద కూడా తేదీ చూడాల్సిన అవసరం రాలేదు. నా షెవెల్ టైరు దానికి తిరగేసిన కథ, అది అరగదు, ఊరికే ముసలిదైపోతుంది.

ఈ ఉత్తరం పాత కార్లున్న నలుగురి కోసమైతే మీకు రాసేవాణ్ణి కాదు. మీ పాఠకుల ఇళ్లల్లో షెవెల్ ఉండదు. పిల్లలు అమెరికాలోనో, హైదరాబాద్‌లోనో ఉండి అమ్మానాన్నల కోసం కొనిపెట్టిన కారు మాత్రం ప్రతి అపార్టుమెంటు సెల్లార్‌లోనూ ఉంటుంది. వారానికోసారి గుడికి, నెలకోసారి ఆసుపత్రికి. పండక్కి పిల్లలు రాగానే ఆరుగురు ఎక్కి హైవే మీద వంద దాటిస్తారు. మన దేశంలో అమ్మే టైర్ల మీద కూడా ఆ నాలుగంకెలుంటాయి. ఈసారి మీ అనుబంధంలో ఎవరి పాత కారైనా వేస్తే, టైర్ల మెరుపుతోపాటు ఆ నాలుగంకెలూ అచ్చువేయమని మనవి.

ఈ సంక్రాంతికి విజయవాడ వెళ్లాను. శ్రీశైలం పోదామని అందరూ తయారు. పదకొండేళ్ల కిందట నేను కొనిచ్చిన కారే, పంతొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్న ముందురోజు సాయంత్రమే కిందికి దిగి కడ్డీతో నాలుగూ కొట్టి చూసి, ఠంగుమంటున్నాయన్నారు. నేను టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని 1314 చదివాను. ఆయన ప్లాస్టిక్ స్టూలు తెప్పించుకుని కూర్చుని, టైరు పక్కభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కారు. ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి. వేలు తీస్తే మూసుకున్నాయి. మళ్లీ నొక్కారు. అలా నాలుగు చక్రాల దగ్గరా స్టూలు జరుపుకుంటూ వెళ్లి, ఏమీ అనకుండా కాసేపు కూర్చుని, "స్టెప్నీ కూడా తియ్యి" అన్నారు.

డిక్కీలోంచి తీశాను. ఒక్కసారి కూడా నేలమీద పెట్టని టైరు. కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. దాని మీద కూడా 1314 అనే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ట్రాయ్, మిషిగన్